నాయన లెవెల్ బుక్కులు

మా నాయన పోయి మొన్న కార్తీకానికి రెండేళ్లు. అప్పుడు కర్మకు ఇల్లు సర్దుతుంటే బీరువా అడుగున 14 లెవెల్ బుక్కులు బయటపడ్డాయి. ఇరిగేషన్‌లో పనిచేసిన వాళ్ల ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఆ పుస్తకం చూడగానే తెలుస్తుంది. పొడుగ్గా, చేతిలో ఇమిడేట్టు, గట్టి అట్ట. లోపల నిలువు గళ్లు. బ్యాక్ సైట్, ఇంటర్ సైట్, ఫోర్ సైట్, రైజ్, ఫాల్, ఆర్.ఎల్., ఆ చివర రిమార్క్స్. కాలువ గట్టున డంపీ లెవెల్ అనే దుర్భిణి పెట్టి, ఎదురుగా స్టాఫ్, అంటే కొలత కర్ర, పట్టుకున్న మనిషిని చూస్తూ మట్టాలు రాసుకునే పుస్తకం అది. ఈ పద్నాలుగింట్లో మాత్రం ఒక్క కాలువ మట్టం కూడా లేదు. అన్నీ మనుషుల పేర్లే.

మూడు మా వంశానివి. ఆరు పెన్నా మీది సోమశిల డ్యాము ముంపులో పోయిన ఒక ఊరివి. మిగతా ఐదింట్లో కుడి నుంచి ఎడమకు రాసిన హీబ్రూ అక్షరాలు, వాటి కింద తెలుగులో ఉచ్చారణ, మనం ఎప్పుడూ వినని ఊళ్ల పేర్లు. నెల్లూరు మూలాపేటలో ఒక రిటైర్డు ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు బీరువాలోకి యూదుల పేర్లు ఎట్టా వచ్చాయని కర్మకు వచ్చిన బంధువులు అడిగారు. నిలబడి రెండు మాటల్లో చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

నాయన 2002లో రిటైరయ్యాడు. సర్వీసులో ఎక్కువ భాగం పెన్నా మీదే గడిచింది. సంగం, నెల్లూరు ఆనకట్టలు, సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ, అన్నిటికంటే ముందు సోమశిల. 1855 నాటి నెల్లూరు ఆనకట్ట మీద నిలబడి, దాన్ని కట్టిన వాళ్ల గురించి నిన్న మొన్న కలిసి పనిచేసిన తోటి ఇంజినీర్ల గురించి చెప్పినట్టు చెప్పేవాడు. రిటైరయ్యాక మా అన్న దగ్గరికి న్యూజెర్సీ పోతే ఆరు నెలలు ఏం తోచేది కాదు. అక్కడ పక్క వీధిలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన కూడా ఇంజినీరే, వంతెనల పని చేసి రిటైరయ్యాడు. యూదుడు. ఇద్దరూ పొద్దున్నే నడకకు పోయే దారిలో ఒక కల్వర్టు ఉండేది. దాని కింద నీళ్లు నిలిచిపోతుంటే ఇద్దరూ విడివిడిగా ఆగి, వంగి చూశారట. స్నేహం అక్కడ మొదలైంది.

ఆ పెద్దాయన వాళ్ల నాన్నది బుచాచ్ అనే ఊరు. ఇప్పుడది ఉక్రెయిన్‌లో ఉంది. ఆయన తాత పుట్టినప్పుడు ఆస్ట్రియా, నాన్న అమెరికా వచ్చేనాటికి పోలండ్, ఆ తర్వాత సోవియట్. ఇది వినగానే నాయన ఇంటికి ఫోన్ చేసి మా అమ్మకు చెప్పిన మాట నాకు గుర్తుంది: "మన కనిగిరి మాదిరే! ఊరు కదల్లేదు, గీత కదిలింది." 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు నెల్లూరు జిల్లా నుంచి అటు పోయాయి. రెండేళ్ల తర్వాత దానికి ప్రకాశం పేరొచ్చింది. కందుకూరు మళ్లీ 2022లో నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. వంశం వెతికేవాళ్లకు ఇవన్నీ ముఖ్యమే, ఏ ఏటి కాగితం ఏ ఆఫీసులో ఉందో ఆ గీతే చెబుతుంది.

పెద్దాయన తన పెళ్లాం, పిల్లలు, మనవళ్లు అంటే ప్రాణం పెట్టేవాడు. వాళ్ల విశ్రాంతి దినం మొదలయ్యే శుక్రవారం సాయంత్రం ఎవరు రాకపోయినా ఊరుకునేవాడు కాదట. ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద ఎప్పుడూ పెద్ద పెద్ద కాగితాలు పరిచి ఉండేవి. వాళ్ల వంశం. ఒక వైపు గళ్లన్నీ నిండి ఉండేవి, రెండో వైపు 1942, 1943 దగ్గర ఆగిపోయేవి. నాజీలు చంపిన 60 లక్షల మంది యూదుల్లో ఆయన మేనత్తలు, పెదనాన్నలు, వాళ్ల పిల్లలు ఉన్నారు. సమాధి లేదు, తేదీ లేదు. జెరూసలేంలో యాద్ వషేమ్ అని ఒక సంస్థ ఉంది. ఆ మాటకు అర్థం 'స్మారకం, పేరు'. బైబిల్లో యెషయా గ్రంథం నుంచి తీసుకున్న మాట. చనిపోయిన ప్రతి మనిషికీ ఒక కాగితం, అందులో పేరు, అమ్మా నాన్నల పేర్లు, ఊరు, బతికున్న వాళ్లు నింపి ఇస్తే అక్కడ భద్రపరుస్తారు. పెద్దాయన తన వాళ్లకోసం అట్లాంటి కాగితాలు నింపుతుంటే నాయన పక్కన కూర్చుని చూశాడు. ఒక చిన్నపిల్ల పేరు ఆయనకు గుర్తు రాలేదట. పెన్ను పట్టుకుని చాలాసేపు అట్టాగే కూర్చున్నాడట. నాయన ఇది చెప్పిన ప్రతిసారీ అక్కడ ఆగేవాడు.

అక్కణ్ణుంచి నాయన ఆ పనిలో దిగాడు. తన కులం కాదు, మతం కాదు, దేశం కాదు. "చేసేదానికి పనుండాది, చేసే చెయ్యుండాది" అనేవాడు.

యూదుల వంశావళి పని ఎట్టా నడుస్తుందో నాయన ఉత్తరాల్లోనే నాకు తెలిసింది. జ్యూయిష్‌జెన్ అనే సంస్థ 1987లో మొదలైంది. వేల మంది స్వచ్ఛందంగా పనిచేస్తారు. శ్మశానాల్లో రాళ్ల ఫోటోలు తీసి, వాటి మీద ఉన్నది చదివి, ఎవరైనా వెతుక్కునేట్టు జాబితాకు ఎక్కిస్తారు. పెద్దాయన తీసే ఫోటోలకు నాయన గొడుగు పట్టేవాడు, రాయి మీద నీడ పడితే అక్షరం కనిపించదని. 2008లో రెండోసారి పోయినప్పుడు, 64 ఏళ్ల వయసులో, హీబ్రూ 22 అక్షరాలు నేర్చుకున్నాడు. బలపం కొనుక్కుని పలక మీద దిద్దాడని మా వదిన చెప్పింది.

సమాధి రాయి పైన రెండు అక్షరాలు ఉంటాయి, పే, నూన్. 'ఇక్కడ పాతిపెట్టారు' అని. అడుగున ఐదక్షరాలు, ఆత్మ జీవపు మూటలో కట్టబడాలని కోరిక. మధ్యలో మనిషి పేరు, తర్వాత ఫలానా వారి కొడుకనో కూతురనో తండ్రి పేరు. అంటే ఒక్క రాయిలో రెండు తరాలు. పూజారి వంశమైతే రెండు అరచేతుల బొమ్మ. లేవీయులైతే చెంబు, పూజారి చేతుల మీద నీళ్లు పోసే వంశం గనుక. నీళ్లతో బతికిన మా నాయనకు ఆ చెంబు బొమ్మ బాగా నచ్చింది. లెవెల్ బుక్కులో ఎక్కడ లేవీయుడు వచ్చినా పక్కన చిన్న చెంబు గీశాడు, మన ఇంట్లో ఉండే రాగి చెంబు మాదిరే.

ఏళ్లు కూడా అక్షరాల్లోనే. తావ్ 400, రేష్ 200, సాదీ 90, బేత్ 2. కలిపితే 692. దానికి 1240 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం, 1932. వాళ్ల సంవత్సరం మన ఆశ్వయుజం చుట్టుపక్కల మొదలవుతుంది గనుక ఆ నెలల్లో ఒక ఏడు అటూ ఇటూ అవుతుందని రిమార్క్స్‌లో రాసుకున్నాడు. మనవాళ్లు కటపయాది అని అక్షరాల్లో అంకెలు పెట్టినట్టే ఇదీ అని ఆ పేజీ కింద గీత గీసి రాశాడు. వర్ధంతి కూడా వాళ్లు తిథి ప్రకారమే చేస్తారు, ఆ రోజు సాయంత్రం నుంచి మళ్లీ సాయంత్రం దాకా దీపం ఉంచుతారు.

ఇంటిపేర్ల సంగతి నాయనకు ఇంకా ఇష్టం. 1787లో ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ ఆజ్ఞ వేసేదాకా అక్కడి యూదుల్లో చాలామందికి స్థిరమైన ఇంటిపేరే లేదు. ఆ తర్వాత మతాచారం ప్రకారం పెళ్లి చేసుకుని సర్కారు దగ్గర నమోదు చేయించుకోని జంటల పిల్లలకు రిజిస్టర్లో తల్లి ఇంటిపేరు రాసేవాళ్లు. అందువల్ల ఒకే తండ్రి పిల్లలు రెండు ఇంటిపేర్లతో కనిపిస్తారు. వలస వచ్చినవాళ్లు దిగే న్యూయార్కు ఎల్లిస్ ఐలాండ్‌లో అమెరికా అధికారులు పేర్లు మార్చేశారని అందరూ చెప్పుకుంటారు గానీ అది నిజం కాదు. ఓడ బయల్దేరిన రేవులో రాసిన జాబితానే వీళ్లు సరిచూసుకునేవాళ్లు. ఆ జాబితాలు 2001లో ఇంటర్నెట్లోకి వచ్చాక, అందులో సులువుగా వెతికే పద్ధతి తయారుచేసిన స్టీఫెన్ మోర్స్ ఎవరో తెలిసినప్పుడు నాయన పట్టలేని సంతోషంతో ఫోన్ చేశాడు. ఇంటెల్ 8086 ప్రాసెసర్‌ను రూపొందించిన ఇంజినీరే ఆయన! అలాగే 1985లో డైచ్, మొకొటాఫ్ అనే ఇద్దరు, ఒకే పేరును పది రకాలుగా రాసినా దొరికేట్టు శబ్దాన్ని బట్టి ఆరు అంకెలు ఇచ్చే పద్ధతి తెచ్చారు. చౌదరి అనే మాటను ఇంగ్లీషులో మా చుట్టాలే ఐదు రకాలుగా రాస్తారు. తెలుగు పేర్లకు అట్లాంటి పట్టిక ఒకటి చెయ్యాలని నాయన 17 పేజీలు రాశాడు. ళ, ల దగ్గర ఆగిపోయింది.

వంశం వెతకడంలో మొదటి సూత్రం, తెలిసిన దాన్నుంచి తెలియని దానికి పోవాలి. నాయనకు అది కొత్తగా నేర్పాల్సిన పని లేదు. బెంచిమార్కు, అంటే మట్టం ఎంతో ముందే తెలిసిన గుర్తు, దగ్గర్నుంచి మొదలు పెట్టి మట్టాలు చూసుకుంటూ పోయే మనిషి. తిరిగి బెంచిమార్కు దగ్గరికి వచ్చి తేడా ఎంతో చూస్తేనే ఆ పని ముగిసినట్టు. మనుషుల విషయంలోనూ అంతే చేశాడు. ఒకే సంగతి ఇద్దర్ని, రెండు కొసల నుంచి అడిగేవాడు. కాగితం మీద కనిపించిన పేరు సిరాతో. నోటిమాటగా విన్నది పెన్సిల్‌తో, పక్కన టీబీఎం అని. తాత్కాలిక బెంచిమార్కు. రుజువు దొరికితే దాని మీద సిరా.

పెద్దాయన ఒకసారి అడిగాడట, మీ వైపు యూదులున్నారా అని. కేరళలో కొచ్చి అనే ఊరి పేరు చెప్పాడు నాయన. ఇంటికొచ్చాక గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని చెప్పుకునే తెలుగు మాదిగ కుటుంబాలు ఉన్నాయని తెలిసింది. తాము ఎఫ్రాయిం గోత్రం వాళ్లమని, శనివారం విశ్రాంతి దినంగా పాటిస్తారని విని రైలెక్కి తెనాలిలో దిగి పోయాడు. వాళ్ల ప్రార్థన ముగిసేదాకా వెనక కూర్చున్నాడు. వాళ్లు నిజంగా యూదులేనా అని ఊళ్లో ఒకాయన నవ్వుతూ అడిగితే నాయనకు కోపమొచ్చింది. "వాళ్ల పెద్దల పేరు వాళ్లు చెప్తుండారు. మనం రాసుకోవాల, అంతే" అన్నాడు. మాల, మాదిగ పల్లెల్లో ఎవరి వంశాన్నీ ఏ కరణమూ పద్యం కట్టి రాసిపెట్టలేదు, పొలం ఉన్నవాళ్ల పేర్లే అడంగల్లోకి ఎక్కాయి, ఆ సంగతి నాయనకు తెలుసు.

ఇప్పుడు సోమశిల పుస్తకాలు. నేను ఎక్కువ చదివేవి ఇవే.

యూరప్‌లో తుడిచిపెట్టుకుపోయిన ఊళ్ల గురించి, బతికి బయటపడ్డవాళ్లు కలిసి యిజ్కోర్ పుస్తకాలని రాసుకున్నారు. యిజ్కోర్ అంటే జ్ఞాపకం చేసుకోవడం. బుచాచ్ పుస్తకం 1956లో టెల్ అవీవ్‌లో అచ్చయింది. ఇట్లాంటి పుస్తకాల్లో జ్ఞాపకం మీద గీసిన ఊరి పటాలుంటాయి. ఏ వీధిలో ఎవరి రొట్టెల అంగడి, ఏ మూల ఎవరి కుట్టుమిషను, బావి ఎక్కడ, ప్రార్థనామందిరం ఎక్కడ. నాయన ఆ పటాలు చూసి రాత్రి నిద్రపోలేదట. ఆయనకు తన పాత పని గుర్తొచ్చింది.

డెబ్బైల్లో సోమశిల పని మొదలైనప్పుడు ముంపు సర్వేలో నాయన కుర్రాడు. 78 టీఎంసీల జలాశయం అంటే ఎన్ని ఊళ్లో! కడప జిల్లాలో అట్లూరు, ఒంటిమిట్ట వైపు దాకా నీళ్లు పోతాయి. ఇంటింటికీ పోయి టేపు పట్టి కొలిచాడు. గోడ రాయా మట్టా, కప్పు మిద్దా బోదా, పెరట్లో చింతచెట్లెన్ని, వేపచెట్లెన్ని. నష్టపరిహారం లెక్క. రిజిస్టర్లో ఇంటి యజమాని పేరొక్కటే ఉంటుంది. "గోడ పొడుగు అంగుళంతో సహా రాసినా అమ్మణ్ణీ, ఆ గోడ అలికిన ఆమె పేరు రాయలా" అని నాతో అన్నాడు. నన్ను అమ్మణ్ణీ అనే పిలిచేవాడు.

2009 నుంచి దాదాపు పదేళ్లు, ఆదివారం పొద్దున్నే ఆత్మకూరు మీదుగా బద్వేలు బస్సెక్కేవాడు. ఆ ఊరి వాళ్లున్న పునరావాస కాలనీకి పోయి, అరుగు మీద కూర్చుని, వాళ్ల ఊరి పటం గీసేవాడు. 112 ఇళ్లు. ప్రతి ఇంటికీ ఒక పేజీ. మొగుడి పేరు, పెళ్లాం పేరు, ఆమె పుట్టింటి ఊరు, పిల్లలు, చనిపోయిన పిల్లలు కూడా. మొదట్లో కాలనీ వాళ్లు ఇంకేమైనా పరిహారం వస్తుందేమోనని ఆశపడ్డారు. ఏమీ రాదని మొదటిరోజే చెప్పేశాడు. అయినా వాళ్లు చెప్పారు. ఒకామె తన ఇంటి పేజీ చూపించమని అడిగి, చదువు రాకపోయినా, చాలాసేపు చేత్తో తడిమిందట.

బావి విషయంలో పెద్ద గొడవ వచ్చింది. గుడికి తూర్పున ఉండేదని ఒక తాత, కాదు, ఈశాన్యాన రచ్చబండకు అవతల అని ఒక అవ్వ. ఎవరూ తగ్గలేదు. నాయన రెండూ పెన్సిల్‌తో పెట్టాడు. ఒక ఎండాకాలం నీళ్లు బాగా తగ్గి పాత ఊళ్ల పునాదులు బయటపడ్డాయని కబురొచ్చింది. ఆ తాతను, అవ్వను, ఇంకొకాయన్ను జీపులో తీసుకుని పోయాడు. ఆ రోజు నేనూ ఉన్నాను. ఎండి పగిలిన బురద, అందులో గుడి అరుగు, అక్కడక్కడ రాతి గడపలు. అవ్వ ఎవరికీ చెప్పకుండా నడుచుకుంటూ పోయి ఒకచోట నిలబడింది. కాళ్ల కింద వలయంగా రాళ్లు. నాయన గుడి మూల నుంచి టేపు పట్టాడు, అవ్వ చెప్పిందే నిజం. తాత ఏమీ మాట్లాడలేదు, పోయి ఆ రాళ్ల మీద కూర్చున్నాడు. ఆ పేజీలో బావి గుర్తు సిరాతో ఉంది, రిమార్క్స్‌లో ఆ అవ్వ పేరు, తేదీ.

ఈ రెండింటినీ ఒకటిగా చూడొద్దని నాయన గట్టిగా చెప్పేవాడు. అక్కడ మనుషుల్ని చంపారు. ఇక్కడ ఊరు మునిగింది, మనుషులున్నారు, ఆ నీళ్లతో నెల్లూరు డెల్టా పండుతోంది, ఆ అన్నం మనమే తింటున్నాం. పోల్చకూడదు, కానీ పద్ధతి నేర్చుకోవచ్చు అనేవాడు.

ఊళ్లో చేసిన పనులు చాలామందికి తెలిసినవే. సోమవారం గ్రీవెన్స్ రోజు కలెక్టరాఫీసు బయట చెట్టు కింద కూర్చుని రైతులకు అర్జీలు రాసిచ్చేవాడు, పైసా తీసుకోకుండా. రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర తప్పిపోయిన పిల్లల పేర్లు రాసే బల్ల దగ్గర కూర్చునేవాడు. పేరు, నాన్న పేరు, ఊరు. ఏడుస్తున్న పిల్లోడి నోటి నుంచి ఆ మూడూ రాబట్టడంలో నాయనకు సాటి లేరు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు ఆయనకు 77 ఏళ్లు. పాసు పుస్తకాలు, ఆధార్ కార్డులు నీళ్లలో పోగొట్టుకున్న వాళ్ల వివరాలు శిబిరంలో కూర్చుని రాశాడు.

పెద్దాయన 2016లో పోయాడు. అప్పుడు నాయన నెల్లూరులో ఉన్నాడు. యూదులు సమాధి మీద పూలు పెట్టరు, గులకరాయి పెడతారు. నాయన ఆనకట్ట దిగువన ఇసుకలో వెతికి ఒక నున్నటి రాయి తెచ్చి, కడిగి, అన్న వచ్చినప్పుడు ఇచ్చి పంపాడు. అన్న ఫోటో పంపాడు. ఆ ఫోటో ఐదో పుస్తకం చివరి పేజీలో అతికించి ఉంది. కింద హీబ్రూలో, ఆ పలక మీద దిద్దుకున్న అక్షరాలతో, స్నేహితుడి పేరు, ఆయన తండ్రి పేరు.

ఇక మా వంశం పుస్తకాలు. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకునేటప్పుడు మేము చెప్పే పేర్లన్నీ మగవాళ్లవే, ఆడవాళ్లు రెండు తరాలు దాటితే లేరు. నాయన గళ్లు గీసి వదిలిపెట్టాడు. తొమ్మిది ఖాళీ గళ్లున్నాయి. మా జేజి వాళ్లమ్మ గడి పక్కన రిమార్క్స్‌లో నాయన చేతిరాత: "కందుకూరు అక్కను అడగాల." ఆ అక్క నాయన పెద్దమ్మ కూతురు. అంటే ఆ జేజి వాళ్లమ్మ ఇద్దరికీ అమ్మమ్మే. ఎందుకో అడగకుండానే పోయాడు.

పోయిన నెల నేను కందుకూరు పోయా. అత్తకు 88 ఏళ్లు, చూపు తగ్గింది గానీ మాట గట్టిగానే ఉంది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని అడిగా.

"మా అమ్మమ్మ పేరా? పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ ఇన్లేదే. పామూరామె అనేవాళ్లు. నాకు ఐదారేళ్లప్పుడే పోయింది."

ఇంకేమైనా గుర్తుందా అత్తా, అన్నా.

చాలాసేపు ఊరుకుంది. తర్వాత ఎడమ చెయ్యి పైకెత్తి గాలిలో గీత గీసింది. "ఈ చేత్తో ముగ్గేసేది. ఎవురో తప్పన్నా మానుకోలా."

పేరు గడి ఖాళీగానే ఉంచా. ఊరు దగ్గర పామూరు అని పెన్సిల్‌తో రాసి, పక్కన టీబీఎం అని పెట్టా. రిమార్క్స్‌లో ఎడమ చేతి ముగ్గు. సంక్రాంతి సెలవుల్లో పామూరు పోతావుండా.